ప్రింటరు తీగకు వేసిన తాళం

జంగారెడ్డిగూడెంలో నేను బాబాయ్ అని పిలిచే ఒకాయనకు డీటీపీ సెంటరు ఉండేది. మాఘమాసం దగ్గర పడితే పెళ్లికార్డుల వాళ్లు గుమ్మం వదిలేవారు కాదు. అలాంటి ఒకరోజు ప్రింటరు కాస్త పక్కకు జరిపాం. అంతే, తెలుగు టైపు కావడం ఆగిపోయింది. ఏ మీట నొక్కినా పొంతన లేని గుణింతాలు పడుతున్నాయి. ట్రేసింగు పేపరు మీంచి తలెత్తకుండానే బాబాయ్ అన్నారు: “లాకు వదులైనట్టుంది రా అబ్బాయ్, వెనక్కెళ్లి ఆ రెండు మరలూ బిగించు.”

ఆయన లాకు అన్నది కంప్యూటరుకీ ప్రింటరు తీగకీ మధ్య ఉండే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బీని. ఒక వైపు 25 సూదులు, రెండో వైపు 25 రంధ్రాలు. ప్రింటరుకు వెళ్లే సమాచారాన్ని అడ్డుకోకుండా వదిలేస్తూ, మధ్యమధ్యలో తెలుగు సాఫ్ట్‌వేరు వేసే ప్రశ్నకు మాత్రం జవాబు చెబుతుంది. జవాబు రాకపోతే సాఫ్ట్‌వేరు సరిగ్గా నడవదు. సీడీని ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు కానీ డబ్బీని కాపీ తీయలేం.

దీని అసలు పేరు డాంగిల్. 1980లో కమొడోర్ పెట్ అనే కంప్యూటరుకు వర్డ్‌క్రాఫ్ట్ అనే రాతపని ప్రోగ్రాము వచ్చింది. ఇలాంటి తాళంతో అమ్మిన తొలి సాఫ్ట్‌వేరు అదేనంటారు. ఆ డాంగిల్‌కు తెలివితేటలేమీ లేవు. క్యాసెట్ రికార్డరు తగిలించే చోట దాన్ని గుచ్చితే, ముందే అనుకున్న సంకేతాలను అప్పజెప్పేది. పేరు ఎలా వచ్చిందో గానీ, 1992లో రెయిన్‌బో టెక్నాలజీస్ అనే తాళాల కంపెనీ తన ప్రకటనలో డాన్ గాల్ అనే ఆయన పేరు మీద వచ్చిందని ఒక కథ అల్లింది. జనం నమ్మేశారు కూడా!

అప్పజెప్పే పాఠం ఎప్పుడూ ఒకటే అయితే ఒకసారి విన్నవాడు దాన్ని తిరిగి చెప్పేస్తాడు. అందుకే తర్వాతి డాంగిళ్లకు లెక్కలు నేర్పారు. ప్రోగ్రాము ఒక అంకె ఇస్తే, డబ్బీ లోపలి రహస్య సూత్రంతో మరో అంకె చెప్పాలి. అప్పుడు దొంగలు డబ్బీని వదిలి ప్రోగ్రాము మీద పడ్డారు. జవాబు సరైనదేనా అని అది చూసుకునే చోటు వెతికి, ఆ ఒక్క అడుగూ దాటించేస్తే చాలు. ఆ చోటు దొరకాలంటే కావలసిన పనిముట్టు డీబగర్.

డీబగర్ దొంగల కోసం పుట్టింది కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు అది డాక్టరు మెడలో స్టెతస్కోపు లాంటిది. ప్రోగ్రాములో మనకు కావలసిన చోట ఒక బైటు తీసి, దాని స్థానంలో 204 అనే అంకె పెడుతుంది. ప్రాసెసరు అక్కడికి రాగానే ఆగుతుంది. ఏ గదిలో ఏ విలువ ఉందో తీరిగ్గా చూసుకోవచ్చు. 1987లో న్యూమెగా కంపెనీ తెచ్చిన సాఫ్టైస్ ఈ పనిలో పేరు మోసింది. ఎంతగా అంటే, చాలా సాఫ్ట్‌వేర్లు మొదలవగానే ఎస్-ఐ-సి-ఇ అనే పేరుతో డ్రైవరేదైనా ఉందా అని తడిమి చూసేవి. ఉంటే మూసుకుపోయేవి. కొన్ని తెరిచి ఉన్న కిటికీల పేర్లు చదివేవి, కొన్ని తమ అడుగుల మధ్య పట్టిన కాలాన్ని కొలిచేవి. మధ్యలో ఎవరైనా ఆపి చూస్తే ఆ కాలం పెరిగిపోతుంది కదా.

నా తంటా ఇక్కడే మొదలైంది. బాబాయ్ దగ్గరున్న పాత కార్డుల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడానికి చిన్న ప్రోగ్రాము రాసుకుంటున్నాను. “క్ష” వచ్చిన చోటల్లా అది తప్పుతోంది. పక్కన అసలు సాఫ్ట్‌వేరులో అదే మాట టైపు చేసి పోల్చి చూద్దామని డీబగర్ తెరిచాను. నేను విప్పింది నా ప్రోగ్రామునే. అయినా తెలుగు సాఫ్ట్‌వేరు డీబగర్ మూసేయమని ఒక పెట్టె చూపించి, ఆగిపోయింది. డబ్బు కట్టి కొన్నదే, లాకూ వెనకే బిగించి ఉంది. మా చేతిలో సుత్తి కనబడింది కాబట్టి మేం కన్నం వేసేవాళ్లమే! ఒకటి తెరిచి, రెండోది మూసి, మళ్లీ దీన్ని మూసి దాన్ని తెరిచి, పది నిమిషాల పనికి ఒక సాయంత్రం పట్టింది.

తాళం వేసినవాళ్లను తప్పుపట్టలేను. తెలుగు సాఫ్ట్‌వేరు కొనేవాళ్లే కొద్దిమంది. ఒక్కరు కొని పది కొట్లకు పంచితే తయారుచేసినవాడు ఏం తినాలి? నా కోపమల్లా పొరుగు ప్రోగ్రాముల మీద వేసే ఆ నిఘా మీదే. ఇది మా ఒక్క కొట్టు గోల కాదు. సెక్యూరామ్ అనే రక్షణ ఉన్న ఆటలు ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే పనిముట్టు కనబడితే నడవమని మొరాయించిన రోజులున్నాయి. ఆ పనిముట్టు రాసిన మార్క్ రుసినోవిచ్ 2005 అక్టోబరు 31న మరో గుట్టు బయటపెట్టాడు. సోనీ బీఎంజీ పాటల సీడీలు కొన్ని పెడితే, కాపీ కాకుండా చూసే ప్రోగ్రామొకటి కంప్యూటరులో దూరి తనను తాను దాచేసుకుంటోంది. తాళమే దొంగలా నక్కితే, పట్టుకోవడానికి డెవలపర్ పనిముట్టే కావాల్సివచ్చింది.

మన కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షను ఇలాంటి తాళాలు విరగ్గొట్టడాన్ని నేరమంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే అని షరతు కూడా పెట్టింది. చేతిలో ఉన్న పనిముట్టును బట్టి ఉద్దేశం తేల్చేసే తెలివి మాత్రం సాఫ్ట్‌వేరుదే.

తర్వాత డాంగిల్ యూఎస్‌బీలోకి మారింది, ఇప్పుడు చాలాచోట్ల ఇంటర్నెట్టే తాళం. కొత్త కంప్యూటర్లకు ఆ 25 రంధ్రాల చోటే లేదు. బాబాయ్ కొట్లో మూలన ఒక పాత సీపీయూ మీద తువ్వాలు కప్పి ఉంటుంది. ఎవరైనా పాత కార్డు ఫైలుతో వస్తే తువ్వాలు తీసి దులిపి, వెనక్కి వంగి, ముందు ఆ రెండు మరలూ బిగిస్తారు.