పాత డ్యాములు, కొత్త వరదలు

అపోహ: గేట్లు ఎత్తబట్టే ఊళ్లు మునుగుతాయి.

వాస్తవం: గేట్లు లేవకపోతేనే అసలు ముప్పు. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. మొత్తం 18 గేట్లూ ఎత్తినా బయటికి పోయేది దాదాపు 3 లక్షలే. అందులోనూ ఒకటి మొరాయించింది. నీళ్లు గేట్ల మీద నుంచి దూకాయి, దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. ఎడమ వైపు గండి పడి కొంత నీరు అటు మళ్లబట్టి డ్యామ్ గట్టెక్కింది. మరుసటి జులైలో మళ్లీ వరద, ఈసారి లేవని గేట్లు నాలుగు!

మట్టికట్ట మీదుగా నీరు పొర్లిందంటే కోత ఆగదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు అలాగే తెగింది. అక్కడా ఒక గేటు పనిచేయలేదు. గేట్లు ఎత్తడాన్ని తప్పు పట్టాలంటే దిగువకు కబురు చేయకుండా, ఆలస్యంగా నీళ్లు వదిలినప్పుడు పట్టాలి.

అపోహ: వానలకు ముందే ఖాళీ చేసుకుంటే చాలు.

వాస్తవం: అది జలాశయాన్ని బట్టి ఉంటుంది. కడెం నిల్వ సామర్థ్యం సుమారు 7.6 టీఎంసీలు. 5 లక్షల క్యూసెక్కులంటే గంటకు 1.8 టీఎంసీలు. చుక్క నీరు లేకుండా ఉంచినా, కిందికి వదలకపోతే నాలుగు గంటలు తిరిగేసరికి నిండుతుంది. అక్కడ కావాల్సింది అదనపు గేట్లు, నీరు పోయే దారి. పెద్ద జలాశయాల్లో ఖాళీ ఉంచడం పనికొస్తుంది. కానీ ఆయకట్టు రైతు ఆగస్టుకల్లా నిండాలంటాడు, కాదనడం ఎలా?

అపోహ: కట్టడం చెక్కుచెదరకపోతే డ్యామ్ భద్రమే.

వాస్తవం: 1953 నాటి తుంగభద్ర డ్యామ్ రాతికట్టడానికి 2024లో ఏమీ కాలేదు. ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ ఖాళీని మూయడానికి స్టాప్‌లాగ్ సిద్ధంగా లేదు. నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో అప్పటికప్పుడు తయారుచేయించి, పారుతున్న నీటిలోనే దించారు. ఈలోగా వారం పాటు నీళ్లు పోయాయి. గొలుసులు, మోటార్లు, జనరేటర్లు ఎండాకాలంలోనే చూసుకోవాల్సినవి. ప్రారంభోత్సవాలు ఉండని పనులు కాబట్టే వెనకబడతాయేమో.

అపోహ: డ్యామును బాగుచేస్తే దిగువన వరదే ఉండదు.

వాస్తవం: గేట్లు పెంచితే కట్ట తెగే ముప్పు తగ్గుతుంది, ఏరు పొంగడం ఆగదు. వదిలిన నీటికి దారి కావాలి. ఏటి గర్భంలో ఇళ్లు లేస్తుంటే ఆ నీళ్లు వాటిలోకే వస్తాయి.