రొయ్యకు ధర కట్టేదెవరు?

ప్రభుత్వం మారినప్పుడల్లా ధరల పట్టిక మారుతోంది. దాని వెనకున్న లెక్క మాత్రం రైతుకు చేరడం లేదు.

దరియాలతిప్ప యానాంలోని మత్స్యకారుల ఊరు. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే దారిలో ఉంది. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఆంధ్ర శాసనసభ చేసిన ఆక్వా చట్టం యానాం పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. రొయ్య ధరకు ఆ పొలిమేర లేదు. కాకినాడ, భీమవరంలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు పలికిన రేటే ఏటికి రెండు పక్కలా రేటు. చెరువు లీజుకు పట్టినవాళ్లూ, పట్టుబడికి కూలికెళ్లేవాళ్లూ, ప్లాంట్లలో తలలు తీసి పొట్టు వలిచే ఆడవాళ్లూ ఆ రేటు మీదే బతుకుతున్నారు.

పట్టిక మారింది, పేచీ మిగిలింది

కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంట్, ముప్పై తూగితే ముప్పై కౌంట్. గోదావరి జిల్లాల రాజకీయమంతా ఈ వంద కౌంట్ చుట్టూనే తిరుగుతోంది.

2020లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం తెచ్చింది. అప్సడాగా అందరికీ తెలిసిన ఆ సంస్థకు ఆక్వా రంగం మీద పెత్తనం ఇచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ధరలు పడిపోయాయి, రైతులు క్రాప్ హాలిడే మాట ఎత్తారు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ఎగుమతిదారులను కూర్చోబెట్టి వంద కౌంట్‌కు కిలో 210 రూపాయలు ఖాయం చేసింది. ఆ ధర రైతుకు దక్కడం లేదని అప్పుడు తెలుగుదేశం నిలదీసింది.

2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సుంకాలు ప్రకటించగానే మళ్లీ ధర కూలింది. అప్పటికి అధికారం తెలుగుదేశం కూటమిది. చర్చల తర్వాత వంద కౌంట్‌కు 220 ఇస్తామని ఎగుమతిదారులు ఒప్పుకున్నారు. రైతును గాలికొదిలేశారని విమర్శించడం ఈసారి వైఎస్సార్‌సీపీ వంతయింది. ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి భారత సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికాయే కాబట్టి దెబ్బ నేరుగా చెరువుల మీద పడింది.

రెండు పార్టీలూ చేసింది ఒకే పని: ఒక అంకె ప్రకటించడం. ఆ అంకె ఎలా పుట్టిందో ఏ పార్టీ అడగలేదు.

చెరువు గట్టు మీద

పట్టుబడి మొదలయ్యాక రైతు చేతిలో బేరం ఉండదు. రోగం కనిపించిన చెరువును వారం ఆపలేడు. నీళ్లలోంచి తీసిన సరుకు ఐస్ మీద ఎంతోసేపు ఆగదు. కొనేవాడు కౌంట్ చూసి, మెత్తబడినవాటికి కోత పెట్టి, రేటు చెబుతాడు. ప్రకటించిన 220 ఆ కోతల్లోనే కరిగిపోవచ్చు. పైగా పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. సోయా, చేపపొడి ధర పెరిగితే మేత బస్తా ధర పెరుగుతుంది. చాలామంది మేత తెచ్చేది అరువుకే. అప్పున్నవాడు ఈ రేటుకు అమ్మనని అనగలడా?

ఆ చేపపొడి ఎక్కువగా తయారయ్యేది సముద్రంలో దొరికే చిన్న చేపలతో. పేదింటి కూరకో, ఎండబెట్టి దాచుకోవడానికో పనికొచ్చే చేప మేతగా మారి, రొయ్యగా పెరిగి, ఓడెక్కుతోంది. 2023-24లో మన దేశం 7.16 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్యలు ఎగుమతి చేసి 40 వేల కోట్ల రూపాయలు ఆర్జించింది. అంత సంపద పుట్టించే తీరంలో చేపలవేట చేసే కుటుంబానికి చేప కొనుక్కోవడం భారం కాకూడదు.

అమెరికాలోనూ ఇదే తగవు

మన రొయ్య తినే దేశం తన పశుమాంసం గురించి ఇదే తగవు పడుతోంది. అక్కడ టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్ అనే నాలుగు కంపెనీల చేతిలో సుమారు 85 శాతం పశుమాంసం ప్యాకింగ్ ఉంది. కోవిడ్ తర్వాత ధరలు పెరిగితే అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఈ కంపెనీల గుత్తాధిపత్యాన్ని తప్పుపట్టి, చిన్న ప్లాంట్ల కోసం 100 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. ధరలు పెరిగింది ప్రభుత్వ ఖర్చు వల్లేనని రిపబ్లికన్లు వాదించారు. 2025 నవంబరులో రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంపే ఆ కంపెనీలపై విచారణకు ఆదేశించారు.

ఆ దేశం నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. మాంసం కంపెనీల అక్రమాలను అరికట్టడానికి అక్కడ 1921లోనే చట్టం వచ్చింది. 1999లో చేసిన మరో చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు పశువులను ఏ ధరకు కొన్నాయో వ్యవసాయ శాఖకు చెప్పి తీరాలి. శాఖ ఆ వివరాలను అందరికీ తెలిసేలా ప్రచురిస్తుంది. దాంతో కంపెనీల బలం తగ్గిపోలేదు. కానీ బేరానికి కూర్చునే రైతుకు మార్కెట్లో నిజంగా నడుస్తున్న ధర తెలిసింది.

అడగవలసింది ఇదే

ప్లాంట్లకూ కష్టాలున్నాయి: సుంకం, కరెంటు, యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే తిరిగొచ్చే కంటెయినర్లు. ఆ భారాన్ని చెరువు మీదికీ, పొట్టు వలిచే చేతుల మీదికీ నెట్టడం మాత్రం న్యాయం కాదు. 2024 మార్చిలో అమలాపురం ప్రాంతంలోని ఒక ప్లాంటులో పనిచేసిన అమెరికన్ మేనేజరే అక్కడి కూలీల దుస్థితి గురించి బహిరంగంగా ఆరోపించాడు. కంపెనీ ఖండించింది. ఎవరి మాట నిజమో తేలాలంటే లెక్కలూ తలుపులూ తెరిచి ఉండాలి.

ఆ పని రాష్ట్ర చట్టంతో పూర్తి కాదు. అప్సడా అధికారం యానాం చేరదు. ఎగుమతి ప్లాంట్లు నమోదయ్యే ఎంపెడా మాత్రం కేంద్ర సంస్థ. కాకినాడ అయినా, దరియాలతిప్ప అయినా దానికి ఒకటే. ప్రతి ప్లాంటూ ఏ కౌంట్ ఎంతకు కొన్నదో, ఎంత కోత పెట్టిందో ఏ రోజుకారోజు ఎంపెడాకు చెప్పాలి. ఆ వివరాలు తెలుగులో రైతు ఫోనుకు రావాలి. ఇందుకు కేంద్రం చట్టం చేయాలి. రైతు పక్షమని చెప్పుకునే పార్టీలు పార్లమెంటులో గొంతెత్తవలసింది ఈ చట్టం కోసమే.