ఉప్పులోంచి వచ్చిన సోడాలు

సోడియం ప్రకృతిలో విడిగా ఎక్కడా దొరకదు. నీరు తగిలితే భగ్గుమనే ఈ లోహాన్ని 1807లో హంఫ్రీ డేవీ మొదటిసారి వేరుచేశాడు. నిత్యం అక్కరకొచ్చేవి దాని సమ్మేళనాలే. వాటిలో చాలావాటికి ముడిసరుకు నౌపడా, చినగంజాం మడుల్లో పండే మామూలు ఉప్పే.

ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపితే కాస్టిక్ సోడా తయారవుతుంది, వెంట క్లోరిన్, హైడ్రోజన్ వాయువులు వస్తాయి. సబ్బుకు, కాగితపు గుజ్జుకు, బాక్సైట్ నుంచి అల్యూమినా తీయడానికి ఈ సోడా కావాలి. ఒంటిమీద పడితే చర్మాన్ని తినేస్తుంది. దానికి క్లోరిన్ పట్టిస్తే వచ్చే సోడియం హైపోక్లోరైట్‌తోనే ఆసుపత్రుల్లో నేల శుభ్రం చేస్తారు.

ఉప్పు నుంచి అమ్మోనియా, సున్నపురాయి సాయంతో సోడియం కార్బొనేట్ తీసే పద్ధతిని 1861లో ఎర్నెస్ట్ సాల్వే కనిపెట్టాడు. ఇదే చాకలి సోడా. పూర్వం ఊళ్లలో బట్టలు ఉడకబెట్టిన చవుడులో ఉండేదీ ఎక్కువగా ఇదే. గాజు పరిశ్రమ దీనిమీదే నడుస్తుంది. ఇసుక ఒక్కటే కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల వేడి కావాలి. సోడా కలిపితే అంతకన్నా చాలా తక్కువకే కరుగుతుంది.

వంటసోడా ఈ చాకలి సోడాకు దగ్గరి చుట్టం. పిండిలో కార్బన్ డయాక్సైడ్ వదిలి పొంగిస్తుంది, కడుపులో పులుపును విరిచేస్తుంది. మూర్ఛకు వాడే సోడియం వాల్‌ప్రోయేట్, సైనైడ్ విషానికి విరుగుడుగా ఇచ్చే సోడియం థయోసల్ఫేట్ కూడా సోడియం కుటుంబానివే.

వైద్యంలో అసలు మేలు మాత్రం ఉప్పుదే. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిస్తే సెలైన్. ఉత్త నీరే నరంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. ఇక విరేచనాలప్పుడు తాగే ఓఆర్‌ఎస్‌లో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పేగు గోడల్లో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. చక్కెర లేని ఉప్పునీటికి అంత శక్తి లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎంతోమందిని బతికించాడు.

కొలత తప్పితే ఓఆర్‌ఎస్ కూడా చెరుపే. లీటరు ప్యాకెట్టును ఒక్కసారే, పూర్తి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి, గ్లాసు గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. వంటసోడాలోనూ సోడియం ఉంటుంది కాబట్టి, రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కడుపుమంటకు వంటసోడా తాగే ముందు డాక్టరును అడగాలి.