పొయ్యిలో మిగిలిన నిప్పు

రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు కట్టేశామా లేదా అని లేచి వెళ్ళి వొకసారి చూసి రావడం మనలో చాలామందికి అలవాటు. కట్టేసే వుంటుంది. అయినా చూసి వస్తేగాని నిద్ర పట్టదు. ఇంట్లో మగవాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. లండన్ నగరంలో పుడ్డింగ్ లేన్ అనే ఇరుకు సందులో రొట్టెల బట్టీ నడిపిన టామస్ ఫారినర్ కూడా అలా చూసుకునే పడుకున్నానని చెప్పాడు. అర్ధరాత్రి పన్నెండు దాటాక గదిగదికీ తిరిగి చూశాననీ, వొక్క పొయ్యిలో తప్ప యెక్కడా నిప్పు లేదనీ, ఆ కాస్త నిప్పునూ నివురు కప్పి జాగ్రత్త చేశాననీ తర్వాత విచారణలో చెప్పుకున్నాడు. అది 1666 సెప్టెంబరు 2, ఆదివారం. ఆయన పడుకున్న కాసేపటికే ఇల్లు అంటుకుంది. గురువారం మంటలు పూర్తిగా చల్లారేసరికి లండన్ పాత నగరంలో ముప్పాతిక భాగానికి పైగా బూడిదైపోయింది.

ఈ అగ్నిప్రమాదం మీద బ్రిటన్‌లో ఛానెల్ ఫైవ్ వాళ్ళు 2017లో మూడు భాగాల డాక్యుమెంటరీ ప్రసారం చేశారు. డాన్ జోన్స్, సుజానా లిప్స్‌కోంబ్ అనే ఇద్దరు చరిత్రకారులూ, ఇంజనీరింగు చదువుకున్న రాబ్ బెల్ అనే ఆయనా కలిసి ఆనాడు నిప్పు యే దారిన పోయిందో ఆ దారినే ఇవాళ్టి లండన్ వీధుల్లో నడుస్తూ చెబుతారు. చరిత్ర చిత్రం అనగానే రాజులూ యుద్ధాలూ అనుకుని మనం లేచి వంటింట్లోకి పోతాం. ఇది మొదలయ్యేదే వంట దగ్గర. అందుకే నాకు నచ్చింది. అందులో చూసిందీ, చూశాక ఆసక్తి పుట్టి చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

ముందు ఆ నగరం యెలా వుండేదో వూహించుకోండి. ఇళ్ళన్నీ కర్రవి. కింది అంతస్తు కంటే పై అంతస్తు వీధిలోకి ముందుకు వుండేది, దాని పైది ఇంకా ముందుకు. యెదురెదురు ఇళ్ళ పై అంతస్తులు దాదాపు వొకదాన్నొకటి తాకేవి. కిటికీలోంచి చెయ్యి చాపి యెదురింటావిడకు గిన్నె అందించవచ్చునన్నమాట. ఇటుకతో కట్టుకోమని రాజులు యెన్నోసార్లు ఆజ్ఞలు వేశారు, వినేవాళ్ళు లేరు. ఆ యేడు వేసవి బాగా యెండకాసింది, కర్రంతా యెండి పెళుసుగా వుంది. దానికి తోడు ఆ రాత్రి తూర్పు నుంచి పెనుగాలి. పుడ్డింగ్ లేన్ దిగితే థేమ్స్ నది వొడ్డు. అక్కడి గిడ్డంగుల నిండా తారు, నూనె, కొవ్వు, గడ్డి, బొగ్గు. ఇంకేం కావాలి?

ఫారినర్ మామూలు రొట్టెలవాడు కాదు, నౌకాదళానికి బిస్కెట్లు చేసి పంపే కాంట్రాక్టు ఆయనది. పొగకు మెలకువ వచ్చేసరికి కింద అంతా మంటలు. ఆయనా, ఇంటివాళ్ళూ పై అంతస్తు కిటికీలోంచి పక్కింటికి దాటి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్ళింట్లో పనిమనిషి మాత్రం ఆ యెత్తు చూసి భయపడి దాటలేకపోయింది. అగ్నికి మొదటి ఆహుతి ఆవిడే. రొట్టెలవాడి పేరు చరిత్రలో నిలిచింది గాని, ఆవిడ పేరు ఫలానా అని గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు.

నగర మేయరు సర్ టామస్ బ్లడ్‌వర్త్‌ను నిద్ర లేపి తీసుకొచ్చారు. ఆయన చూసి, ఈ మాత్రం నిప్పుకా నన్ను లేపారు, వొక ఆడది చాలు దీన్ని ఆర్పడానికి అన్న అర్థం వచ్చేలా మాట్లాడి ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. నిజానికి ఆయన అన్న మాట ఇంకా మోటుగా వుంటుంది, ఇక్కడ చెప్పడం బాగుండదు.

అదే రాత్రి కొంచెం దూరంలో నౌకాదళం ఆఫీసులో పెద్ద వుద్యోగి శామ్యూల్ పీప్స్ ఇంట్లో పనివాళ్ళు మెలకువగానే వున్నారు. యెందుకంటారా? మర్నాడు ఆదివారం విందుకు అతిథులు వస్తున్నారు, ఆ యేర్పాట్లలో వున్నారు. తెల్లవారుజామున మూడింటికి జేన్ అనే పనిపిల్ల కిటికీలోంచి మంటలు చూసి యజమానిని లేపింది. ఆయనా వచ్చి చూశాడు, చాలా దూరం కదా అనుకుని మళ్ళీ పడుకున్నాడు. పొద్దున్న మూడువందల ఇళ్ళకు పైగా కాలిపోయాయట అని మళ్ళీ ఆ జేనే వచ్చి చెబితే అప్పుడు కదిలాడు. పీప్స్ దినచర్య రాసేవాడు కాబట్టి మనకు ఇవన్నీ తెలిశాయి. ఇంకో విచిత్రం, ఆ రోజు అతిథులు వచ్చారు, విందూ జరిగింది, భోజనం బ్రహ్మాండంగా వుందని కూడా రాసుకున్నాడు! వండినవాళ్ళు రాత్రంతా నిద్రలేకుండా వున్నారు మరి.

ఇక్కడ వొక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నిప్పు ఆర్పడానికి వున్నవి తోలు బక్కెట్లు, ఇత్తడి పిచికారీలు, పొడుగాటి ఇనప కొక్కేలు. నీళ్ళతో అయ్యే పని కాదని అందరికీ తెలుసు. కొక్కేలు తగిలించి మంటకు ముందున్న ఇళ్ళను కూలగొట్టాలి, మధ్యలో ఖాళీ చేయాలి, అప్పుడు నిప్పుకు మేత దొరక్క ఆగిపోతుంది. మొదటి గంటలోనే నాలుగిళ్ళు పడగొట్టి వుంటే సరిపోయేదేమో. మరి యెందుకు పడగొట్టలేదు? ఇళ్ళలో వున్నవాళ్ళు వొప్పుకోలేదు. చాలావరకు అద్దె ఇళ్ళు, సొంతదార్లు యెక్కడ వున్నారో తెలియదు. పడగొట్టాక తిరిగి కట్టించే ఖర్చు యెవరిస్తారు అని మేయరు వెనకాడాడు. నాలుగిళ్ళ ఖర్చు చూసుకుంటే పదమూడువేల ఇళ్ళు పోయాయి. పీప్స్ వెళ్ళి రాజు రెండో చార్లెస్‌కు చెప్పి, కూల్చమని రాజాజ్ఞ తెచ్చేసరికి మేయరు మెడకు రుమాలు కట్టుకుని, నా మాట యెవరూ వినడంలేదు, నా వొంట్లో శక్తి లేదు అని నడివీధిలో వాపోతున్నాడు. ఆయన్నొక్కణ్ణీ ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. మన ఇంటి గోడ పడగొట్టి పక్క వీధిని కాపాడుకుంటామంటే మనం మాత్రం వెంటనే సరేనంటామా?

నది మీది లండన్ వంతెనకు ఉత్తరపు కొసన నీటిచక్రాలు వుండేవి. నగరానికి నీళ్ళు యెక్కించేవి అవే. అవి మొదట్లోనే కాలిపోయాయి. వంతెన మీద కూడా ఇళ్ళుండేవి, వాటి మీదుగా నిప్పు అవతలి వొడ్డుకు పాకవలసిందే. కాని 1633లో జరిగిన మరో ప్రమాదంలో కాలిన ఇళ్ళ చోటు అలాగే ఖాళీగా వుండిపోయింది. ఆ ఖాళీ దగ్గర మంట ఆగింది, దక్షిణపు వొడ్డు బతికింది.

సోమవారం నాటికి జనం ఆర్పడం మాని సామాన్లు మోసుకోవడంలో పడ్డారు. కొద్ది షిల్లింగులకు దొరికే బండి నలభై పౌండ్లదాకా పలికిందట. జనం పారిపోకుండా వుంటే ఆర్పడానికి వస్తారని నగర ద్వారాలు మూయించారు, అది కుదరక మర్నాడు మళ్ళీ తెరిచారు. పడవల్లో యేమేం యెక్కించుకున్నారో పీప్స్ గమనించాడు. మూడు పడవలకు వొకదానిలో వర్జినల్స్ అనే మీటల వాయిద్యం కనిపించిందట, మన ఇళ్ళలో హార్మోనియం లాంటిది. బీదవాళ్ళు మాత్రం మంట వచ్చి తాకేదాకా ఇల్లు వదల్లేదట. పావురాలు కూడా అంతే, కిటికీల చుట్టూ తిరిగి తిరిగి రెక్కలు కాలి పడిపోయాయి. ఆయన మటుకు తన బంగారాన్నీ, భార్య ఎలిజబెత్‌నూ పడవలో వూల్‌విచ్‌కు చేర్చి, పెరట్లో గొయ్యి తవ్వి సారాయి సీసాలూ, వొక పర్మేజాన్ జున్ను ముక్కా పాతిపెట్టాడు. దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. నాకు నవ్వు రాలేదు. మాగాయి జాడీ అక్కడ వదిలి రావడం మన చేత అవుతుందా?

మంగళవారం అన్నిటికంటే ఘోరం. సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చి రాతికట్టడం కదా, దాని చుట్టూ ఖాళీ కూడా వుంది కదా అని పుస్తకాల వ్యాపారులు తమ సరుకంతా తెచ్చి దాని నేలమాళిగలో దాచారు. కాని మరమ్మతులకోసం చర్చికి కర్రలతో సారువా కట్టి వుంది. దానికి నిప్పంటుకుంది. పైకప్పు సీసం కరిగి వీధుల్లో యేరులా పారింది. పుస్తకాలు ఆసాంతం పోయాయి. చివరికి రాజు తమ్ముడు జేమ్స్ ఆధ్వర్యంలో తుపాకిమందు పెట్టి ఇళ్ళ వరసలు పేల్చారు. అన్నిటికంటే మేలు చేసింది గాలి తగ్గడం.

మొత్తం 13,200 ఇళ్ళు, 87 చర్చిలు పోయాయి. సుమారు డెబ్భై ఎనభై వేలమంది నిలువ నీడ లేక మూర్‌ఫీల్డ్స్ మైదానంలో గుడారాల కింద పడుకున్నారు. చనిపోయినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమందే అని రికార్డులు చెబుతాయి. ఇవాళ్టి చరిత్రకారుల్లో కొందరికి దీనిమీద నమ్మకం లేదు. పేదవాళ్ళ లెక్క యెవరు రాశారు, అంత వేడిలో యెముక మిగులుతుందా, ఆ చలికాలం గుడారాల్లో పోయిన పసివాళ్ళనూ ముసలివాళ్ళనూ యే లెక్కలో వేశారు అని వాళ్ళ ప్రశ్న.

మంటలు ఆరకముందే ఇది యెవరో కావాలని పెట్టిన నిప్పు అన్న పుకారు పుట్టింది. అప్పుడు హాలండుతోనూ ఫ్రాన్సుతోనూ యుద్ధం నడుస్తోంది. వీధిలో యాస వేరుగా మాట్లాడినవాణ్ణల్లా పట్టుకు కొట్టారు. రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు నేనే నిప్పు పెట్టానని వొప్పుకున్నాడు. మతి స్థిమితం లేనివాడు. మొదట వెస్ట్‌మిన్‌స్టర్‌లో పెట్టానన్నాడు, అక్కడిదాకా అసలు మంటే రాలేదు. తర్వాత బట్టీ కిటికీలోంచి నిప్పు విసిరానన్నాడు, ఆ చోట కిటికీయే లేదంటారు. అయినా నేరారోపణ మీద ఫారినర్ కుటుంబం సంతకాలు చేసింది. అక్టోబరులో వురితీశారు. నిప్పు పుట్టిన రెండు రోజులకుగాని అతను లండన్‌లో అడుగు పెట్టలేదని ఓడ కెప్టెన్ ద్వారా తర్వాత తెలిసింది. పొయ్యి నావల్ల అంటుకోలేదు అని చెప్పుకోవడానికి ఫారినర్ ఇంటివాళ్ళకు ఆ సంతకం అవసరమైంది. ఈ కథలో నన్ను యెక్కువ బాధపెట్టిన చోటు ఇదే.

తర్వాతి చిక్కు అద్దెకున్నవాళ్ళది. ఆనాటి వొప్పందాల ప్రకారం ఇల్లు కాలిపోయినా అద్దె కట్టాలి, తిరిగి కట్టించే బాధ్యతా చాలాచోట్ల అద్దెదారుదే! ఇది అన్యాయమని గ్రహించి 1667లో అగ్ని న్యాయస్థానం అని ప్రత్యేకంగా పెట్టారు. న్యాయమూర్తులు జీతం తీసుకోకుండా యెవరెంత భరించగలరో చూసి ఖర్చు పంచారు. నగరంవారు కృతజ్ఞతగా వాళ్ళ చిత్రపటాలు గీయించి పెట్టుకున్నారు. కొత్త ఇళ్ళు ఇటుకతోగాని రాతితోగాని కట్టాలన్న చట్టం ఈసారి గట్టిగా అమలైంది. 1680 ప్రాంతంలో నికొలస్ బార్బన్ అనే ఆయన ఇళ్ళకు అగ్ని బీమా మొదలుపెట్టాడు. క్రమంగా బీమా కంపెనీలే సొంతంగా నిప్పార్పే దళాలను పెట్టుకున్నాయి, తమ ఇల్లు ఇదని గుర్తుకు గోడకు లోహపు ఫలకం కొట్టేవి. ముందటేడు వచ్చిన ప్లేగును ఈ మంటలే తుడిచిపెట్టాయని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు. అది నిజం కాదు. ప్లేగు అప్పటికే తగ్గుముఖం పట్టింది, అది యెక్కువగా వున్న శివారు పేటలకు ఈ మంట వెళ్ళనే లేదు.

నివురు సంగతి వొకటి చెప్పాలి. మా అమ్మమ్మ రాత్రిపూట పొయ్యిలో పిడక పెట్టి పైన నివురు కప్పేది, తెల్లవారి వూదితే మళ్ళీ నిప్పు సిద్ధం. అగ్గిపెట్టె ఖర్చు లేదు. యూరప్‌లోనూ అంతే. రాత్రి గంట కొట్టగానే పొయ్యిలు కప్పేసుకోవాలని నియమం. ఫ్రెంచిలో నిప్పు కప్పు అనే అర్థం వచ్చే ఆ మాట నుంచే మనం పేపర్లో చదివే కర్ఫ్యూ వచ్చింది.

ఆ బట్టీకి దగ్గర్లోనే 1677లో 202 అడుగుల రాతి స్తంభం పూర్తి చేశారు. లోపల 311 మెట్లున్నాయి, యెక్కితే పైన బంగారు పూత పూసిన మంటల కలశం. పాదం దగ్గరి శాసనంలో ఇళ్ళూ చర్చిలూ యెన్ని పోయాయో చెక్కారు. 1681లో ఇదంతా కాథలిక్కుల పని అని దానికి వొక మాట చేర్చారు. ఆ మాట రాతి మీద నూటయాభై యేళ్ళ దగ్గర దగ్గర వుంది, 1830లో చెక్కేశారు.