మీకు తెలుసా? పాటే నొప్పి మందు

బాన్సువాడ పల్లెల్లో పెద్దమ్మల ముంజేతుల మీద పచ్చబొట్లు ఇంకా కనిపిస్తాయి. మత్తుమందు వాడని ఆ రోజుల్లో సూది దిగుతుంటే నొప్పి మరిపించడానికి పొడిచేవాళ్లు పాట అందుకునేవారు. కొరవ (మన ఎరుకల) స్త్రీల ఈ అలవాటును బ్రిటిష్ పరిశోధకుడు ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి గ్రంథంలో నమోదు చేశాడు.

ఇప్పుడు పాత బొట్టుకు తీగో పువ్వో చేర్పించుకుంటున్నారా? చర్మం లోపొరలో నిలిచిన నల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చనీలంగా కనిపిస్తుంది. పక్కన కొత్త గీత ముదురుగా తేలుతుంది. ఆ తేడా ముందే ఒప్పుకోవాలి. కండపట్టున నొప్పి ఓర్చుకోవచ్చు, మణికట్టు, పక్కటెముకల మీదైతే చుక్కలే! కడుపునిండా తిని వెళ్లండి, మద్యం ముట్టకండి. అన్నట్టు, ఒక్క చుక్క పొడిపించుకున్నా 12 నెలలు రక్తదానం కుదరదు.