రెండవ పిల్లికి ఇంట్లో చోటున్నదా?

పల్లెటూరి ఇంట్లో ఎన్ని పిల్లులున్నాయని అడిగితే వెంటనే సమాధానం చెప్పగలవారు అరుదు. గాదె దగ్గర ఒకటి, పశువుల కొట్టంలో ఒకటి, భోజనాల వేళకు పక్కింటి గోడ దాటి వచ్చిపోయేది మరొకటి ఉంటాయి. రాగి మూటలను, వేరుశనగ సంచులను ఎలుకలు కొట్టకుండా ఉన్నంత కాలం వాటి సంఖ్య ఎవరికీ పట్టదు. కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం ప్రాంతాల నుండి బెంగళూరుకు తరలిపోయిన కుటుంబాలు ఈ అలవాటును కూడా తమ వెంట తీసుకువెళ్ళాయి. యలహంకలోనో, కృష్ణరాజపురంలోనో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక పిల్లిని పెంచుకుంటున్న కోడలు సంక్రాంతికి ఊరికి వస్తుంది. గాదె వెనుక కళ్ళు తెరిచిన పిల్లలను చూసి, "ఒకదాన్ని ఎత్తకపోతామత్తా, మా పిల్లికి తోడుంటాది" అంటుంది. "ఒకటేందమ్మా, రెండు ఎత్తకపో" అని పెద్దావిడ ఉదారంగా సెలవిస్తుంది. బుట్టలో పిల్ల, బుట్ట మీద తువ్వాలు, బెంగళూరు బస్సు.

ఈ చిన్న సంభాషణలో ఆలోచించవలసిన మాట 'తోడు'. మనిషికి తోడు కావాలి గనుక పిల్లికీ కావాలనుకోవడం సహజమే. కానీ పిల్లి స్వభావం వేరు. కుక్క పూర్వీకులైన తోడేళ్ళు గుంపుగా వేటాడేవి. ఇంటి పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి ఒంటరి వేటగత్తె. తన ప్రాంతాన్ని తానే గుర్తులు పెట్టి కాచుకొనే జంతువు అది. ధాన్యం నిల్వచేయడం నేర్చిన మనిషి ఇంటికి ఎలుకల కోసం చేరి, క్రమంగా మచ్చికైంది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి చెంతనే పిల్లి అస్థిపంజరం కనబడినట్లు పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఇంత దీర్ఘకాలం మనిషి నీడలో బతికినా, పరాయి పిల్లిని చూసినపుడు దానికి మొదట కలిగే భావం మాత్రం మారలేదు.

మరి పల్లెలో నాలుగైదు పిల్లులు ఒకే చోట మసలడం లేదా అని పాఠకులు అడగవచ్చు. మసలుతున్నాయి. నిదానించి చూస్తే అవి చాలావరకు తల్లీకూతుళ్ళో, అక్కచెల్లెళ్ళో అయి ఉంటాయి. ఒకదాని పిల్లలకు మరొకటి పాలివ్వడం కూడా కద్దు. బయటి నుండి వచ్చిన కొత్త పిల్లిని అవి తరిమికొడతాయి. ఓడిన పిల్లి మిద్దె ఎక్కుతుంది, గడ్డివాములో దూరుతుంది, లేదా ఊరి అవతలి వీధికి మకాం మారుస్తుంది. పల్లెలో శాంతిని కాపాడుతున్నది ఆ ఖాళీ స్థలమే.

బెంగళూరు అద్దె ఇంట్లో అటువంటి స్థలం లేదు. బయటికి వదిలితే మార్గమధ్యంలో వాహనాలు, వీధికుక్కలు. అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె 2023లో జరిపించిన గణనలో నగరంలోని వీధికుక్కల సంఖ్య సుమారు 2.79 లక్షలని తేలింది. మేడ మీది ఇంట్లో ఉంటే బాల్కనీ మరొక గండం. న్యూయార్క్ నగరంలో ఎత్తైన భవనాల నుండి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల వివరాలను అక్కడి పశువైద్యులు 1987లో ప్రచురించారు. వైద్యం అందిన వాటిలో నూటికి తొంభై బతికాయి. ఈ అంకెను చూసి ధైర్యపడేవారు, పడినచోటనే ప్రాణం విడిచినవి ఆసుపత్రి లెక్కలోకి రావని గమనించాలి. కాబట్టి కిటికీలకు, బాల్కనీకి వల బిగించి పిల్లిని లోపలే ఉంచడం నగరంలో క్షేమం. అలా ఉంచినపుడు ఆ రెండు గదులే దాని ఊరు, దాని పొలిమేర. అందులోకి మరొక పిల్లిని తెచ్చినపుడు, ఓడినది పారిపోవడానికి దారి ఉండదు.

అందువల్ల పిల్ల ఎంత ముద్దుగా ఉన్నదో చూడడానికి ముందు ఇంట్లో తలుపులను లెక్కించాలి. కొత్త పిల్లను పాత పిల్లికి కనబడకుండా కనీసం వారం, పది రోజులు విడిగా ఉంచగల, తలుపు మూసుకొనే గది ఒకటి అవసరం. ఒకే గది, వంటకు ఒక మూల, పక్కింటివారితో ఉమ్మడి స్నానాలగది ఉన్న ఇంట్లో ఇది సాధ్యం కాదు. అటువంటి ఇంటికి తగిన సమాధానం 'ఇప్పుడు వద్దు' అన్నదే. ఇది కఠినంగా తోచవచ్చు గాని, నచ్చజెప్పుకొని తెచ్చినవారి ఇళ్ళలో తరువాత కలిగే బాధ ఇంతకన్నా పెద్దది.

గది ఉన్నవారు తొందరపడకూడదు. పిల్లులు ముందుగా ముక్కుతో పరిచయం చేసుకుంటాయి. పాత చీర ముక్కతో కొత్త పిల్ల బుగ్గలను తుడిచి ఆ గుడ్డను పాత పిల్లి పడుకొనే చోట వేయాలి. దాని గుడ్డను దీనికి వేయాలి. మూసిన తలుపుకు అటొకటి, ఇటొకటిగా తిండి గిన్నెలు పెట్టి, బుసలు కొట్టకుండా తినడం అలవాటయ్యేదాకా చూడాలి. ఆ పిమ్మట తలుపు సందులో చూపులు, తరువాత మనిషి సమక్షంలో కొద్ది నిమిషాల కలయిక. కొన్ని పిల్లులకు ఇది రెండు వారాలలో పూర్తవుతుంది, కొన్నిటికి నెలలు పడుతుంది. 'కొట్టుకొని అవే సర్దుకుంటాయి' అని మొదటి రోజే ఎదురెదురుగా వదిలివేయడం పెద్దలు తరచు చేసే పని. మొదటి రోజు పుట్టిన భయం తరువాత ఎంత ప్రయత్నించినా సులభంగా పోదు.

పోట్లాట లేదు గనుక స్నేహం కుదిరిందని భావించడమూ పొరపాటే. పిల్లుల వైరం చాలాసార్లు నిశ్శబ్దంగా సాగుతుంది. ఒకటి వంటింటి గడపలో పడుకొని రెప్ప వేయకుండా చూస్తుంటే, రెండవది బీరువా పైనుండి దిగిరాదు. ఇంటివారు 'దానికి పైన పడుకోవడం ఇష్టం' అనుకుంటారు. నిజానికి దానికి తిండికి, ఇసుక తొట్టికి దారి మూసుకుపోయింది. ఇందుకే గిన్నెలు, నీళ్ళు, పడకలు వేరువేరు చోట్ల ఉంచాలి. ఇసుక తొట్లు పిల్లుల సంఖ్యకన్న ఒకటి ఎక్కువ ఉండాలని పశువైద్యులు చెబుతారు. రెండు పిల్లులకు మూడు తొట్లన్నమాట. మూడింటినీ ఒకే మూల వరుసగా పెడితే పిల్లి దృష్టిలో అవి ఒకటే. రెండు గదుల ఇంట్లో మూడు తొట్లకు చోటెక్కడ అన్న ప్రశ్న వస్తే, అది అడగవలసిన ప్రశ్నే.

ఈ ఒత్తిడి వలన వచ్చే రోగాలు ఊహ కావు. మూత్రాశయం వాచి, మాటిమాటికి తొట్టి ఎక్కి దిగడం, బట్టల మీద, పరుపుల మీద మూత్రం పోయడం వాటిలో ఒకటి. దీనిని తుంటరితనమని కొట్టడం అన్యాయం. మగపిల్లికి మూత్రనాళం పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది. ముక్కుతున్నా చుక్క రాలేదంటే తెల్లవారేదాకా ఆగకూడదు. అలకతో తిండి మానివేసిన పిల్లి విషయమూ అంతే. మనుషులకు ఉపవాసం మేలు చేయవచ్చు గాని, రెండు మూడు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రమాదం కలుగుతుంది.

ఏ పిల్లను తేవాలన్నది తరువాతి మాట. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుండి వేరుచేయకూడదు. తల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలంటారు. ఆ తిరుగుళ్ళలో, తోబుట్టువులతో ఆటలలో పిల్ల ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆగాలో నేర్చుకుంటుంది. ముందే లాక్కువచ్చిన పిల్లకు సాటి పిల్లితో మెలగడం రాదు. రెండు పెద్ద పిల్లులను కలపడం కన్న పెద్దదాని వద్దకు పిల్లను చేర్చడం సులువు. అయితే పన్నెండేళ్ళ ముసలి పిల్లి వీపు మీద రెండు నెలల పిల్లను ఎక్కించడం దానికి శిక్ష. పిల్లులు లేని ఇంటివారు ఎప్పటికైనా రెండు కావాలనుకుంటే, ఒకే ఈత పిల్లలను ఇద్దరిని ఒకేసారి తెచ్చుకోవడం అన్నిటికన్న మంచి మార్గం.

చిన్నపిల్లల్లో ఆడామగా పోల్చడంలో అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ ఉన్నది దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుందన్నది ఒక్కటే తేలిక గుర్తు. ఈ పొరపాటు ఖరీదు కొద్ది నెలల్లోనే తెలుస్తుంది. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. సూడి కాలం సుమారు 63 నుండి 65 రోజులు. ఒక ఈతలో నాలుగు పిల్లలు మామూలే, ఏడాదికి రెండు మూడు ఈతలు. తోడుకు తెచ్చిన ఒక పిల్ల వలన ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఎన్ని ఉంటాయో బడిపిల్లలే లెక్క కట్టగలరు. కనుక ఇంట్లో ఉన్న పిల్లికి సంతాన నిరోధక ఆపరేషన్ చేయించిన పిమ్మటనే రెండవదాని మాట ఎత్తాలి. కొత్తదానికి నాలుగు నుండి ఆరు నెలల వయసులో చేయించాలి. ఆపరేషన్ అయిన పిల్లుల మధ్య పోరు కూడా తగ్గుతుంది. బెంగళూరులో హెబ్బాళ పశువైద్య కళాశాల 1958 నుండి ఉన్నది. క్వీన్స్ రోడ్డులో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. 1991లో క్రిస్టల్ రోజర్స్ స్థాపించిన క్యూపా వంటి జంతు సంక్షేమ సంస్థలనూ సంప్రదించవచ్చు. చిత్తూరు వైపు వారికి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దగ్గర.

పల్లె పిల్ల తనతో పాటు ఏమి మోసుకొస్తుందో కూడా చూడాలి. వైద్యునికి చూపి, పేలకు, నులిపురుగులకు మందు వేయించి, టీకాలు మొదలుపెట్టిన తరువాతనే పాత పిల్లిని కలవనివ్వాలి. వాంతులు, విరేచనాలతో పిల్లలను రెండు మూడు రోజుల్లో బలిగొనే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వ్యాధికి టీకా ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో ప్రారంభించి, మూడు నాలుగు వారాలకొకసారి పదహారు వారాలు నిండేవరకు వేస్తారు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది వరకు నిలిచి ఉండగలదు. పిల్ల చనిపోయిన దుఃఖంలో మరునాడే మరొకదాన్ని తెచ్చేవారు ఈ సంగతి ఎరుగరు. దాన్ని చంపేది నీటిలో తగుపాళ్ళలో కలిపిన బ్లీచింగ్ ద్రావణం. నేల తుడిచే ఫినాయిల్ పిల్లులకే విషం, వాడరాదు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఈలోగా పిల్ల గీరినా, కొరికినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో గర్భవతి ఉంటే ఇసుక తొట్టి శుభ్రం చేసే పని మరొకరు, ప్రతిదినం, చేయాలి. చేసేవారు లేకపోతే కాన్పు అయ్యేదాకా కొత్త పిల్ల ఆలోచన వాయిదా వేయడం మేలు.

తిండి ఖర్చు రెట్టింపవుతుందని అందరికీ తెలుసు. ఏ తిండి అన్నది అంతగా తెలియదు. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలను చూసి పరుగెత్తిన కథ రాయలసీమలో తెలియని ఇల్లుండదు. దానికి కారణం కాలిన మూతి. మూతి కాలకపోయినా పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పెరుగన్నంతో, రాగి సంగటితో పిల్లిని పోషించవచ్చుననేది అంతకన్న పెద్ద అపోహ. పల్లెలో ఆ పెరుగన్నం తిన్న పిల్లి మిగిలిన భోజనాన్ని ఎలుకల రూపంలో తానే సంపాదించుకుంటుంది. మేడ మీద బంధించిన పిల్లికి ఎలుక ఎక్కడిది? మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పదార్థం లేకపోతే పిల్లి చూపు మందగిస్తుంది, గుండె సాగి బలహీనపడుతుంది. గుండె జబ్బుకు టారిన్ లోపం కారణమని అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు 1987లో నిరూపించారు. మాంసాహారం గడప దాటనివ్వని ఇంటివారు కొనుగోలు మేతకైనా ఒప్పుకోవాలి. దానికీ మనసొప్పని ఇంట్లో ఒక పిల్లి ఉండడమే కష్టం, రెండవదాని ప్రసక్తి ఎందుకు?

ఇంటి యజమాని అంగీకారం చివరికి వదిలేసే విషయం, మొదట అడగవలసిన విషయం. నివాసుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చిన మాట నిజమే. అవి ముఖ్యంగా కుక్కలను దృష్టిలో ఉంచుకొని రాసినవి. అద్దె ఒప్పందంలో ఏమి రాసుకున్నారన్నది యజమానికి, అద్దెవారికి మధ్య వ్యవహారం. ఒక పిల్లికి తల ఊపిన యజమాని రెండవదానికీ ఊపుతాడని ముందే అనుకోరాదు.

కొన్ని జంటలు ఎంత ఓపిక పట్టినా కలవవు. అప్పుడు కొత్తదానిని ఏం చేయాలన్నది తెచ్చేముందే తేల్చుకోవాలి. సంతలోనో, మాంసం అంగళ్ళ దగ్గరో వదిలి రావడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఊరికి తిరిగి పంపితే సరిపోతుందన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆరు నెలలు గిన్నెలో తిండి తిన్న పిల్లకు వేట రాకపోవచ్చు. గాదె దగ్గర తల్లి కొత్త ఈత పిల్లలతో ఉండి, దీనిని పరాయిదిగా తరమవచ్చు. అందుకే బుట్ట సర్దకముందే అత్తాకోడళ్ళు ఒక మాట అనుకోవడం మంచిది: రెండు నెలల్లో కుదరకపోతే పిల్ల తిరిగి వస్తుంది, వచ్చినపుడు ఊరి ఇంట్లో కొద్ది వారాలు ఒక గదిలో ఉంచి తిండి పెట్టాలి, ఆపరేషన్ ఖర్చు మాత్రం బెంగళూరువారిది.