తీగ మొక్కల్లో పొద రూపం: కత్తిరింపు కొమ్మ ఎంపిక

ఒకే మొక్క నుంచి తీసిన రెండు కత్తిరింపుల్లో ఒకటి తీగగా, మరొకటి పొదగా పెరగవచ్చును. రెండింటి జన్యుపదార్థం ఒకటే. అయినను ఈ భేదం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ ఐరోపా ఐవీ, అనగా హెడెరా హెలిక్స్.

బాల్యదశలో ఐవీ ఆకులు మూడు నుంచి ఐదు తమ్మెలు కలిగి ఉంటాయి; కాండం గాలి వేర్లతో గోడను పట్టి పాకుతుంది. ఎత్తుకు చేరి వెలుతురు అందిన తరువాత ప్రౌఢదశ ఆరంభమవుతుంది. ఆకులు తమ్మెలు కోల్పోయి అండాకారం దాలుస్తాయి, గాలి వేర్లు ఏర్పడవు, పూత వస్తుంది. ప్రౌఢ కొమ్మను నాటితే అది పొదగానే పెరుగుతుంది. అయితే సులభంగా వేళ్లూనదు కనుక బాల్యదశ వేరుమూలంపై అంటు కట్టడం కూడా ఉన్నది. జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేసినప్పుడు ప్రౌఢ కొమ్మలు తిరిగి బాల్య లక్షణాలు చూపుతాయి. దశ మారేకొద్దీ కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 తగ్గుతుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాల వేసవికి ఐవీ తగదు. ఇక్కడ ప్రహరీలపై పెంచదగిన క్రీపింగ్ ఫిగ్ ఇదే స్వభావం చూపుతుంది. గోడకు అంటుకున్న చిన్న ఆకుల కొమ్మలు బాల్యదశవి. గోడ నుంచి ముందుకు పొడుచుకువచ్చే పెద్ద ఆకుల గట్టి కొమ్మలు ప్రౌఢమైనవి, కాయలు వాటిపైనే వస్తాయి. గోడ పచ్చగా, చదునుగా ఉండాలంటే వీటిని ఎప్పటికప్పుడు తీసివేయాలి; పొద కావాలంటే వీటినే కత్తిరింపులుగా ఎంచుకోవాలి.

ప్రకాశం రైతుకు ఈ సూత్రం జామాయిల్‌లో తారుమారుగా ఎదురవుతుంది. మేలైన పెద్ద చెట్టు పై కొమ్మలు సరిగా వేళ్లూనవు. అందువల్ల చెట్టును నరికి, మోడు నుంచి వచ్చిన లేత పిలకలతో క్లోన్లు తయారుచేస్తారు.

మిరియంలో కనిపించేది మాత్రం వయోభేదం కాదు, కొమ్మ స్థానభేదం. విద్యార్థులు ఈ రెండింటిని తరచు కలిపివేస్తారు. పాకే తీగ ముక్క తీగనే ఇస్తుంది. కాపు కాసే పక్క కొమ్మ నాటితే కుండీలో పెంచదగిన పొద మిరియం వస్తుంది. నారుమొక్క చూసి పోల్చుకోవడం కష్టం కనుక కత్తిరింపు ఏ కొమ్మదో నర్సరీలో అడిగి తెలుసుకోవడమే మార్గం. మైదాన ప్రాంతంలో దీనికి నీడ, నీరు నిలవని మట్టి తప్పనిసరి. నల్లరేగడిని నేరుగా కుండీలో నింపరాదు. మొదలు నుంచి తీగ పిలకలు వస్తే వెంటనే తుంచివేయాలి.